ఉప్పుపన్నును లాభముపన్నును: ఒక రాజీ చరిత్ర

1947వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఢిల్లీ కేంద్ర శాసనసభలో తాత్కాలిక ప్రభుత్వపు ఆర్థికసభ్యుడైన లియాకత్ ఆలీఖాను బడ్జెటును చదివెను. అందులో రెండు సంగతులు ప్రక్కప్రక్కన నుండెను. ఒకటి, ఉప్పుమీది పన్ను తీసివేయబడుట. రెండవది, ఏటికి లక్ష రూపాయలకు మించిన వ్యాపారలాభముపై నాలుగవవంతు క్రొత్తపన్నుగా విధింపబడుట. మొదటిదానిని కాదనినవారు లేరు. రెండవది ఆ బిల్లు సభ దాటకమునుపే ఆఱవవంతునకు దిగెను. మరుసటి యేడు పదియవవంతునకు దిగెను. 1950లో పేరుకూడ లేకుండ పోయెను. పన్నులు తగ్గించునప్పుడు కలవారికిని లేనివారికిని నడుమ కుదుర్చబడు రాజీలలో ఎవరిపా లెంత యను ప్రశ్నకు మన దేశమున ఈ మూడేండ్ల కథను మించిన పాఠము వేరొకటి కానరాదు. కావున దానిని కొంచెము నిదానముగానే చెప్పవలసియున్నది.

ఉప్పుపన్ను సంగతి మన తీరవాసుల కెవరును చెప్పనక్కరలేదు. 1930లో నౌపడా మొదలుకొని నెల్లూరు తీరమువఱకు ఉప్పుకొటారులముందు నిలిచి లాఠీదెబ్బలు తిన్నవారి మనుమలు నేటికిని ఉన్నారు. ఒంగోలు దాపున దేవరంపాడు పేరు వినని తెలుగువారు తక్కువ. అయినను ఆ పన్ను బరువును అంకెలలో చూచుట మంచిది. 1931లో వేసిన అదనపు సుంకముతో కలిపి మణుగు ఉప్పుకు 1 రూపాయి 9 అణాలు సర్కారునకు ముట్టుచుండెను. (ఇది 82 పౌనుల బంగాళా మణుగు, మన పల్లెలలోని చిన్న మణుగు కాదు.) మనిషికి ఏటికి ఆఱుసేర్ల ఉప్పని లెక్కవేసినచో, అయిదుగురున్న సంసారము ఏటేట ఇంచుమించు రూపాయి మూడణాలు చెల్లించినదన్నమాట. ఈ రూపాయి మూడణాలు లక్షాధికారి యింటను అంతే, పాలేరు యింటను అంతే. నిజమునకు పాలేరు ఇంటనే కొంత యెక్కువ. ఏలయన, కూరనారలు లేని సంకటికి ఉప్పును మిరపకాయయునే కూర. ఎండలో చెమటోడ్చు శరీరమునకు ఉప్పు హెచ్చుగా కావలెను. చేపల నెండబెట్టుకొను పల్లెవానికిని, పశువులను మేపుకొను గొల్లవానికిని ఉప్పు లేనిదే బ్రతుకు లేదు. ఒకనికి తాంబూలపు ఖర్చును, మఱియొకనికి కొన్నిదినముల కూలియు నైన ఈ సొమ్మును సర్కారువారు ఏటికి ఎనిమిదికోట్లకు పైగా రాబట్టుచుండిరి.

ఇక లాభముపన్ను. 1939లో మొదలైన యుద్ధము మన జనులకు రేషనుకార్డులను, చిరుగుబట్టలను, బెంగాలు కరవును తెచ్చిపెట్టినది. బట్టల మిల్లులకును, జనుపనార కంపెనీలకును, సైన్యమునకు సరకు లందించిన కాంట్రాక్టర్లకును మునుపెన్నడు నెఱుగని లాభములను తెచ్చిపెట్టినది. ఆ లాభములలో కొంత రాబట్టుటకే 1940లో అధికలాభముల పన్నును సగపాలుగా విధించి, మరుసటి యేడు దానిని మూడింట రెండువంతులకు పెంచిరి. యుద్ధము ముగిసెను. 1946 బడ్జెటులో ఆర్థికసభ్యుడు సర్ ఆర్చిబాల్డ్ రోలండ్సు ఆ పన్నును ఎత్తివేసెను. ఉప్పుపన్ను మాత్రము ఇంకొక యేడు నిలిచెను. యుద్ధము ముగియగానే ముందుగా విడుదల యైనది ఉప్పుమడి కాదు, మిల్లు ఖజానా యని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆ మరుసటి యేడు లియాకత్ వేసిన పన్ను ఆ తప్పించుకొన్న లాభమునే మరల పట్టుకొనుటకు చేసిన యత్నము.

ఆయన బడ్జెటున లోటు 48 కోట్లకు పైన. ఉప్పును విడుచుటచే అది 56 కోట్లు దాటినది. దానిని పూడ్చుటకు లాభముపన్నుతోడ కంపెనీలపన్నును రూపాయికి అణానుండి రెండణాలకు పెంచెను. ఆస్తులు కొని అమ్మగా వచ్చు మూలధనలాభముపై మొదటిసారిగా పన్ను వేసెను. పన్నెగవేసినవారిని విచారించుటకు కమిషను నొకదానిని ప్రకటించెను. వేతనజీవులకు ఆదాయపు పన్ను హద్దును రెండువేలనుండి రెండువేల అయిదువందలకు పెంచెను. జనులు దీనిని బీదవాని బడ్జెటనిరి.

అంతట గగ్గోలు బయలుదేరెను. స్టాకు మార్కెట్లు కూలినవి. పరిశ్రమలు మూతపడునని, మూలధనము బెదరి పాఱిపోవునని వర్తకసంఘములు ఆక్రోశించెను. ఇందు రాజకీయము లేదని మేమనము. పన్ను వేసినవాడు లీగు నాయకుడు. పన్ను పడినవారిలో పెక్కురు కాంగ్రెసునకు అండగా నిలిచిన వర్తకులు. ముల్లు ఎవరికాలికి గుచ్చుకొనునో లియాకతునకు తెలియక కాదు. అయినను సామ్యవాదము పలుకుచు వచ్చిన కాంగ్రెసువారు ఆ పన్నును కాదనుట యెట్లు? సర్దార్ పటేలును రాజాజీయు దీనిని తీవ్రముగా వ్యతిరేకించి రని మౌలానా ఆజాదు తమ గ్రంథమున వ్రాసియుంచిరి. పన్ను వేసినవాని మనస్సు మంచిదా కాదా యను తర్కములో పన్ను న్యాయమా కాదా యను ప్రశ్న మునిగిపోయినది. ఇట్టి ముంపు మన రాజకీయములలో తఱచు కలుగునదే. దానివలన ఎప్పుడును ఒక పక్షమే ఒడ్డున బడుచుండును.

రాజీ కుదిరినది. పత్రికలలో పెద్దయక్షరములతో పడినది పాతికనుండి ఆఱవవంతునకు తగ్గిన సంగతి మాత్రమే. అసలు మెలిక దానిక్రింద నున్నది. మొదటి బిల్లులో లక్ష రూపాయల లాభమును మాత్రమే విడిచిపెట్టిరి. రాజీలో కంపెనీలకు లక్ష గాని, మూలధనముపై నూటికి ఆఱు గాని, ఏది యెక్కువయో దానిని విడుచుట కంగీకరించిరి. ఇది చూచుటకు చిన్నమార్పు. లెక్కవేసి చూడుడు. కోటిరూపాయల మూలధనము గల కంపెనీ యొకటి ఒక యేట పదిలక్షలు లాభించినదనుకొందము. మొదటి బిల్లు ప్రకారము తొమ్మిదిలక్షలపై నాలుగవవంతు, అనగా 2,25,000 రూపాయలు చెల్లించవలసియుండెను. రాజీ ప్రకారము ఆఱులక్షలు ముందే తీసివేయబడును. మిగిలిన నాలుగులక్షలపై ఆఱవవంతు, అనగా దాదాపు 66,667 రూపాయలు. పన్నురేటు మూడింట ఒకవంతు తగ్గినదని లోకమనుకొనినది; ఈ కంపెనీకి పన్ను మూడింట రెండువంతులకు పైగా తగ్గినది! ఇంకొక చిత్రము. స్వల్పమూలధనముతో లక్షాపదివేలో లక్షాఇరువదివేలో గడించిన చిన్నకంపెనీకి ఈ ఆఱుపాళ్ల మినహాయింపువలన ఒరిగినది లేదు. మూలధనమెంత పెద్దదైన లాభమంత పెద్దది. గగ్గోలు పెట్టినది అందఱును. పండు కోసికొనినది చెట్టెక్కగలవారు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. స్వతంత్రభారత ఆర్థికమంత్రి షణ్ముఖం చెట్టిగారు 1948లో లాభముపన్నును పదియవవంతునకు దించిరి. 1949లో జాన్ మత్తాయిగారు మూలధనలాభముపన్నును తొలగించిరి. ఆ యేడే బట్టపైనను పంచదారపైనను ఎక్సైజు సుంకములు హెచ్చినవి. 1950లో లాభముపన్ను రద్దయ్యెను. ఆదాయపుపన్ను పైమెట్టు రూపాయికి అయిదణాలనుండి నాలుగణాలకును, సూపరుటాక్సు పదిన్నరనుండి ఎనిమిదిన్నర అణాలకును దిగెను. మూలధనము బెదరియున్నది, దానిని లాలింపవలెను అనునదే నాటి వాదము. దేశవిభజనానంతరపు కష్టకాలమున పరిశ్రమలు నడువవలెననుట అబద్ధమని మేమనజాలము. కాని మూడేండ్లలో తిరిగిచూచుకొనగా మొదటి రాజీలో మిగిలినదేమి? ఉప్పు మిగిలినది. దానిపై పన్ను మరల రాలేదు. (1953లో ఉప్పుశాఖ ఖర్చులకై వేసిన స్వల్పపు సెస్సు వేఱు సంగతి.) కలవారినుండి రావలసిన మాఱుసొమ్ము మాత్రము మిగులలేదు, ఆ లోటును కట్టుబట్టయు పంచదారయు పూడ్చవలసివచ్చెను.

ఈ పోకడ 1947లో పుట్టినది కాదు. దొరల రాజ్యమునందు ఇది నలిగిన బాటయే. 1860లో జేమ్సు విల్సను మన దేశమున ఆదాయపుపన్నును ప్రవేశపెట్టగా, దానిపై మండిపడినవారు తెల్లవర్తకులును, ఉద్యోగులును, జమీందారులును. 1865లో అది పోయెను, 1869లో వచ్చెను, 1873లో మరల పోయెను. ఇన్నిమాఱులు వచ్చిపోయిన ఆ పన్ను ప్రక్కన ఉప్పుపన్ను ఒక్కనాడైనను పోలేదు. 1876లో ధాతకరవు వచ్చినది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలలో జనులు మిడుతలవలె రాలిపోయిరి. ఆ కరవు చల్లారకమునుపే, 1877 చివరలో, చెన్నరాజధానిలో ఉప్పుపన్నును మణుగుకు 1 రూపాయి 13 అణాలనుండి 2 రూపాయల 8 అణాలకు పెంచిరి. దేశమంతట పన్ను సమము చేయుటకట! బెంగాలువారికి కొంచెము తగ్గించి మనకు పెంచుటను సమత యనిరి. మరుసటి యేడు కరవునిధి పేర చిన్నవర్తకులపై లైసెన్సుపన్ను వచ్చెను. ఉద్యోగులకును వకీళ్లకును అది తగులలేదు. 1879లో వైస్రాయి లిట్టను తన సభలోని అధికసంఖ్యాకుల మాట త్రోసిపుచ్చి లాంకషైరు ముతకబట్టలపై దిగుమతిసుంకమును ఎత్తివేసెను. 1882లో రిప్పను ప్రభుత్వము ఉప్పుపన్నును 2 రూపాయలకు తగ్గించెను. దానితోడనే దిగుమతిసుంకములను దాదాపు అన్నిటిని తొలగించెను. పేదకు కొంత, మాంచెస్టరునకు కొంత, ఇదియు నొక రాజీయే. ఆఱేండ్లు గడచెను. బర్మాయుద్ధపు ఖర్చులును రూపాయి విలువ పడిపోవుటయు కలిసివచ్చి ఖజానా వట్టిపోగా, 1888లో డఫరిను ఉప్పుపన్నును మరల రెండున్నరకు చేర్చెను. మాంచెస్టరు బట్టలపై సుంకము ఆనాడు మరల రాలేదు.

దిలీపుడు ప్రజలనుండి పన్నుగైకొనుట, సూర్యుడు నీటిని పీల్చి వేయిరెట్లుగా వర్షించుటవంటిదని కాళిదాసు చెప్పెను. 1879నాటి సర్కారు ఊరిబావి తోడి సముద్రమున కుమ్మరించినది.

జమీందారుల మాట ఒక్కటి చెప్పి ముందునకు పోదము. 1886లో ఆదాయపుపన్ను స్థిరముగా వచ్చినప్పుడు వ్యవసాయపు ఆదాయమును మినహాయించిరి. శిస్తు చెల్లించుచున్నాముగదా యని వాదము. అరకల రైతునకు అది న్యాయమే. కాని 1802నాటి శాశ్వతబందోబస్తున తమ పేష్కషు ఎన్నటికిని పెరుగకుండ కట్టుదిట్టము చేసికొనిన ఉత్తరసర్కారుల జమీందారులకును ఆ గొడుగే పట్టిరి. సన్నకారు రైతు పేరు చెప్పి పెద్ద ఎస్టేటునకు మినహాయింపు సంపాదించు విద్య అప్పటినుండి మన దేశమున చావలేదు.

స్వరాజ్యము వచ్చినపిదప జరిగిన పెద్దబేరము 1957లోనిది. కేంబ్రిడ్జి పండితుడైన నికొలాసు కాల్డరు అంతకు ముందటి యేడు మన ప్రభుత్వమునకు ఒక నివేదిక నిచ్చెను. ఆదాయముపై పైరేటును రూపాయికి ఏడణాల దరికి దించుడు. దానికి మాఱుగా సంపదమీద, ఖర్చుమీద, దానములమీద, మూలధనలాభముమీద పన్నులు వేయుడు. అప్పుడు దాచుకొనుటకు చోటుండదు అనునది ఆయన సలహా. టి. టి. కృష్ణమాచారిగారు దానిని సగము వినిరి. పైరేటును నూటికి 92 ప్రాంతమునుండి, కష్టార్జితమునకు 77కును, కూర్చుండి తినువారికి 84కును దించిరి. సంపదపన్ను, వ్యయపన్ను తెచ్చిరి. మూలధనలాభముపన్ను అంతకు ముందటి యేడే తిరిగివచ్చియుండెను. అదే బడ్జెటున చిన్న ఉద్యోగుల ఆదాయపుపన్ను హద్దును 4,200నుండి 3,000కు దించిరి. పంచదార, తేయాకు, పొగాకులపై ఎక్సైజు పెంచిరి. ఈ బేరములో కలవా రిచ్చిన మాఱుసొమ్ము గతి యేమైనది? వ్యయపన్ను 1962లో పోయి, 1964లో వచ్చి, 1966లో శాశ్వతముగా పోయెను. 1953నాటి వారసత్వపు సుంకము 1985లో, దానపన్ను 1998లో, సంపదపన్ను 2015లో పోయినవి. ఒక్కొక్కటి పోయినప్పుడు చెప్పిన కారణము ఒక్కటే: వసూలు తక్కువ, శ్రమ యెక్కువ. ఆ వసూలు తక్కువగుటకు కారణము చట్టములోని బొక్కలే యని చెప్పుట మాత్రము సభామర్యాదకు వెలి.

న్యాయము చెప్పవలెనన్నచో 2015నాటి మార్పును ఊరకయే దూషింపరాదు. సంపదపన్ను రాబడి 1,008 కోట్లు; దాని స్థానమున కోటిరూపాయలు మించిన ఆదాయముపై వేసిన అదనపు సర్ఛార్జి వలన తొమ్మిదివేలకోట్లు వచ్చునని అరుణ్ జైట్లీగారు సభలో చెప్పిరి. ఖజానాకు అది లాభసాటి బేరమే. కాని సర్ఛార్జి యనునది ఆదాయమునకు కట్టిన త్రాడు. ఆదాయము చూపక భూములలోను, బంగారములోను నిదురించు సంపదకు అది తగులదు. పైగా త్రాడు వదులుట సులభము. 2019లో అయిదుకోట్లు మించిన ఆదాయముపై సర్ఛార్జిని 37 పాళ్లకు పెంచిరి. 2023లో క్రొత్తపద్ధతి నెంచుకొనినవారికి దానిని 25కు తగ్గించిరి.

2019 సెప్టెంబరు 20వ తేదీన కేంద్రప్రభుత్వము కంపెనీలపన్నును 30నుండి 22 పాళ్లకు దించెను. మినహాయింపులను వదలుకొనిన కంపెనీలకే ఈ రేటు. ఇదియు నొకవిధమైన రాజీయే. దీనివలన ఏటికి 1,45,000 కోట్లు వదలుకొనుచున్నామని ప్రభుత్వమే చెప్పెను. ఎనిమిది నెలలు తిరుగకముందే వ్యాధి వచ్చినది, కార్ఖానాలు మూతపడినవి, కూలీలు రహదారులపట్టిరి. ప్రపంచమున ముడినూనె ధర నేలకు దిగినది. ఆ లాభము కొనువానికి చేరవలసియుండగా, 2020 మే మొదటివారమున పెట్రోలుపై లీటరుకు 10 రూపాయలును డీజిలుపై 13 రూపాయలును సుంకము పెంచిరి. డీజిలు కొనువా డెవడు? ట్రాక్టరుతో దున్ను రైతు, మరపడవతో వేటకు పోవు కాకినాడ జాలరి, సరకులారీ యెక్కి బియ్యము తెచ్చుకొను ప్రతి గృహస్థు. 2021 నవంబరులోను 2022 మేలోను ఆ పెంపులో చాలవఱకు తగ్గించిరి, మేము కాదనము. కాని సరిగా అవసరమైన రెండేండ్లు అది నిలిచియుండెను.

కంపెనీలకు విడిచిన సొమ్ము పెట్టుబడులుగా మాఱి కార్మికునకు పని గల్పించునని చెప్పుదురు. ఒక్కొక్కతావున అట్లు జరుగవచ్చును కూడ. అయితే విడిచిన సొమ్ము ఈ నేడే లాభములో చేరును. పని రేపు రావలెను. రేపు రాకున్నచో నేడు విడిచినది తిరిగి పుచ్చుకొందుమను నియమము ఆ 22 పాళ్ల చట్టములో లేదు. 2025లో పండ్రెండులక్షల ఆదాయమువఱకు పన్నులేకుండ చేయుట మధ్యతరగతివారికి మేలే. పన్ను కట్టునంతటి ఆదాయమే లేని కూలివానికి అది వినబడని వాద్యము. ఆ యేడు సెప్టెంబరు 22వ తేదీనుండి జి.ఎస్.టి. రేట్లు తగ్గించుట అతని సంచిని తాకినది. ఎంతవఱకు తాకినదో అంగడివాని త్రాసు చెప్పవలెను.

అమెరికాలో లక్షలాది తెలుగువారు పన్ను కట్టుచున్నారు గనుక అక్కడి మాటయు ముచ్చటింతము. 2001, 2003లలో ఇచ్చిన తగ్గింపులు 2010 చివరకు ముగియవలసియుండగా, అధ్యక్షుడు ఒబామా ప్రతిపక్షముతో రాజీపడెను. ధనికుల తగ్గింపులతో సహా అన్నియు రెండేండ్లు పొడిగింపబడెను. దానికి మాఱుగా నిరుద్యోగుల భృతి 13 నెలలు సాగుటకును, జీతములలో కోతపడు సామాజికభద్రతా పన్ను ఒక యేడు రెండుపాళ్లు తగ్గుటకును ప్రతిపక్షమంగీకరించెను. ఈ రెండుపాళ్ల కోత అంతకుముందున్న 400 డాలర్ల రాయితీకి బదులుగా వచ్చినది. ఏటికి ఇరువదివేల డాలర్లకంటె తక్కువ సంపాదించు ఒంటరి పనివానికి రెండుపాళ్లనగా 400కు లోపే. అనగా అందఱికంటె పేదవానికి ఆ రాజీలో మిగిలినది నష్టము. అదే చట్టమున 50 లక్షల డాలర్లవఱకు వారసత్వపు ఆస్తికి పన్ను మినహాయింపైనది. 2012 చివర జీతగాండ్ర రాయితీ ముగిసిపోయెను. ఆస్తిపరుల మినహాయింపు 2013లో శాశ్వతచట్ట మయ్యెను. 2025 జూలైలో వచ్చిన చట్టము దానిని 2026నుండి కోటిన్నర డాలర్లకు పెంచెను. ఆ క్రొత్తచట్టములోనే హోటళ్లలో వడ్డించువారికి వచ్చు బక్షీసులపై ఒక హద్దువఱకు పన్ను మినహాయింపును గలదు. దాని గడువు 2028వ సంవత్సరముతో తీరును.